ఆపినా ఆగని కరెంటు

ఫోన్ తీసేశాక ఛార్జర్‌ను సాకెట్‌కే వదిలేసినవారిని మందలించడం మనకు అలవాటు. మందలించడంలో తప్పు లేదు గానీ, కోపం చూపవలసిన చోటు అది కాదు. ఐరోపా సమాఖ్యలో 2020 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం, ఫోన్ తగిలించని చిన్న ఛార్జర్ 0.1 వాట్‌కు మించి తీసుకోకూడదు. అలాంటి ఛార్జర్‌ను ఏడాదంతా సాకెట్‌లోనే ఉంచినా ఒక యూనిట్ కూడా కాలదు. దాని పక్కనే, రిమోట్‌తో ఆపినా లోపలి ప్రాసెసర్ నిద్రపోని సెట్‌టాప్ బాక్స్ నిరంతరం 12 వాట్లు లాగుతూ ఉంటే, ఏడాది తిరిగేసరికి 105 యూనిట్లు దాటుతాయి. దాన్ని మాత్రం ఎవరూ మందలించరు!

మైక్రోవేవ్ సంగతి మరీ విచిత్రం. తెరమీద గడియారం చూపడానికే 3 వాట్లు తీసుకునే పాత పరికరం రోజుకు 72 వాట్ అవర్లు ఖర్చు చేస్తుంది. 1200 వాట్లు తీసుకునే పొయ్యిగా అది మూడున్నర నిమిషాలు పనిచేసినా దాదాపు అంతే అవుతుంది. అంటే, రోజుకు రెండు నిమిషాలే వేడిచేసుకునే ఇంట్లో అది ప్రధానంగా గడియారమే.

ఈ వృథాను తగ్గించే భారమంతా వాడేవారిపై మోపడం నాకు సమ్మతం కాదు. 1990ల చివర్లో అలన్ మేయర్ అనే పరిశోధకుడు, స్టాండ్‌బైలో, అంటే ఆపినట్టు కనిపిస్తూనే కరెంటు తీసుకునే స్థితిలో, ఏ పరికరమూ ఒక వాట్‌కు మించకూడదని ప్రతిపాదించారు. అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని ముందుకు తీసుకువెళ్లింది. ఐరోపాలో సాధారణ పరికరాలకు 2010లో ఒక వాట్, 2013లో అర వాట్ పరిమితి వచ్చాయి. బరువైన ఇనుప ట్రాన్స్‌ఫార్మర్ల స్థానంలో తేలికైన ఎలక్ట్రానిక్ స్విచింగ్ సర్క్యూట్లు రావడంతో అది సాధ్యమైంది కూడా.

ఇప్పుడు ఆ మేలును నెట్‌వర్క్ సదుపాయం వెనక్కి లాగుతోంది. గేమ్ కన్సోల్, స్మార్ట్ స్పీకర్ వంటివి పిలవగానే పలకాలని ఎప్పుడూ చెవి ఒగ్గి ఉంటాయి. మీటరు పెట్టి కొలిచి, టీవీ చుట్టూ ఉన్నవాటిని ఒకే స్విచ్‌బోర్డుకు తగిలించి రాత్రిపూట ఆపవచ్చు. అయితే తెరలోని ప్రతి చుక్కా తానే వెలిగే ఓఎల్ఈడీ టీవీలు స్టాండ్‌బైలోనే తెరను సరిచేసుకుంటాయి కాబట్టి వాటిని చూసిన వెంటనే మెయిన్ దగ్గర ఆపకూడదు. ఇన్ని మినహాయింపులు గుర్తుపెట్టుకోవడం కన్నా, పొదుపు సెట్టింగ్‌ను మెనూలో నాలుగు పొరల కింద దాచకుండా, పెట్టె తెరిచేసరికే అమల్లో ఉంచి అమ్మమని తయారీదారులను అడగడమే నాకు న్యాయంగా తోస్తుంది. క్షణంలో వెలగాలనుకునేవారు వెతికి మార్చుకుంటారు.