మహారాజశ్రీ డిఫరెన్షియల్ గారికి ఒక లారీ ఓనరు విన్నపం

మహారాజశ్రీ డిఫరెన్షియల్ గారి దివ్యసముఖమునకు,

లారీ ఓనరు నమస్కరించి రాసుకొను విన్నపము. ఇంజను బలాన్ని వెనక రెండు వైపుల చక్రాలకీ పంచే గేర్ల సెట్టయిన తమరు వెనక హౌసింగులో, గేరాయిల్లో మునిగి సుఖంగా ఉన్నారని తలుస్తాను. తమరి దయవల్ల నా ముందు యాక్సిల్ మాత్రం రావులపాలెంలో ఒక షెడ్డులో గోనెసంచుల మీద పడుకుని ఉంది.

మొన్న మధ్యాహ్నం కళ్లం దగ్గర ఏం జరిగిందో తమరికి వేరే చెప్పక్కర్లేదు. తమరూ అక్కడే ఉన్నారు. ఉండీ ఏమీ చెయ్యలేదు.

దాళ్వా ధాన్యం. బస్తాలు ఎక్కించి, తాడు బిగించి, పట్టా కప్పేశారు. ముందురోజు రాత్రి వాన కొట్టింది. ధాన్యంలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో మొహం చిట్లిస్తారు గానీ కాలవ గట్టులో తేమ ఎంతుందో ఎవడికీ పట్టదు. కుడివైపు జత టైర్లు గట్టు మీద గ్రావెల్లో ఉన్నాయి. ఎడమవైపు జత పంటబోదె అంచున బంకమట్టిలో. డ్రైవరు ఫస్టు గేరేసి క్లచ్ వదిలాడు. ఎడమ జత గిర్రున తిరిగింది. కుడి జత ఉలకలేదు, పలకలేదు. పొడిగా, శుభ్రంగా, టైరు మీద అక్షరాలు కూడబలుక్కుని చదువుకునేంత తీరిగ్గా నిలబడింది.

కొబ్బరి మట్టలు వేశాం. డొక్కలు వేశాం. పక్క కళ్లంలో బతిమాలి గడ్డిమోపులు తెచ్చి వేశాం. ఎడమ టైరు అన్నిటినీ నమిలి, వెనక నిలబడ్డ ముఠా మేస్త్రి తెల్లచొక్కా మీద ఉమ్మింది. "స్పీడు ఇరవై చూపిత్తందండి, మనం మాత్రం ఇక్కడే ఉన్నామండి ఆయ్" అన్నాడు డ్రైవరు. నిజానికి ఇరవై కూడా కాదు. ఒక చక్రం పూర్తిగా ఆగిపోతే రెండోది మీటరు చూపేదానికి రెట్టింపు వేగంతో తిరుగుతుంది, అంటే నలభై. తమరి పుణ్యమా అని నా లారీ బురదలో నలభై మీద పోయింది.

తమరి మీద జనం ఒక అపవాదు వేస్తుంటారు, బలమంతా జారే చక్రానికే పంపిస్తారని. పాపం, అది అబద్ధం. తమరు ధర్మమూర్తులు. రెండు వైపులా సమానంగానే పంచుతారు. అదే నా ఏడుపు. బురదలో ఉన్న చక్రానికి పట్టు లేదు, కాబట్టి అది అందుకోగలిగింది చారెడు బలం. గట్టినేల మీదున్న చక్రానికి కూడా తమరు సరిగ్గా ఆ చారెడే ఇస్తారు. అది "ఇంకా ఇవ్వండి బాబూ, నేను లాగుతాను" అని మొత్తుకున్నా వినరు. కాడికి ఒక పక్క ఎద్దు మోకాళ్ల మీద కూలబడితే రెండో పక్క ఒంగోలు ఎద్దున్నా బండి కదలదు, అచ్చం ఆ లెక్క. ఇంజనుకున్న మిగతా సత్తా వాడుకునే దిక్కులేక ఊరంతా వినబడేలా అరిచింది. డీజిలు మాత్రం నాది.

ఇదంతా తమరి సొంత పైత్యం కాదనీ తెలుసు. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం తమరికి రూపం ఇచ్చాడట. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ పోవాలి. రెంటినీ ఒకే ఇరుసుకి బిగిస్తే ఏదో ఒకటి ఈడ్చుకుపోవాల్సిందే. ఆ చిక్కు విప్పాడు. సరిగ్గా పాతికేళ్లకి, 1852లో, కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి మా పొలాలకి నీళ్లు వదిలాడు. ఇద్దరికీ దండం. ఒకాయన చక్రాలు విడదీశాడు, ఒకాయన నేల తడిపాడు. మధ్యలో నా లారీ.

ఇంతవరకూ ఓర్చుకున్నాను. తర్వాత ట్రాక్టరు వచ్చింది.

ఆ కుర్రాడు చెవిలో పాటలు పెట్టుకునే వచ్చాడు. దాని వెనక చక్రమూ ఒకటి బురదలోనే పడింది, అదీ కాసేపు జారింది. వాడు కిందకి చూడను కూడా చూడకుండా మడమతో ఒక పెడల్ తొక్కాడు. డిఫరెన్షియల్ లాక్. రెండు పెద్ద చక్రాలూ ఒక్కటైపోయి, గట్టినేల మీదున్నది మట్టిని కరిచి పట్టుకుంది. అంతే, కదిలింది. దుక్కి దున్నుకునే ట్రాక్టరుకున్న ఇంగితం ఇన్ని టన్నులు మోసే నీకెందుకు లేదు? తమరూ గిమరూ అంటూ ఇంకా మర్యాదేంటి, నిన్నే అడుగుతున్నాను! నీ కులంలోనే లాకున్నవాడు ఉన్నాడు. టిప్పర్లలో ఉన్నాడు, క్వారీల్లో రాళ్లు మోస్తున్నాడు. లోడు లారీ తారురోడ్డు దిగదని ఎవడు చెప్పాడు? ధాన్యం హైవే మీద పండుతుందా? రొయ్యల చెరువు గట్టుకి తారు వేస్తారా? ముంజేతి కంకణానికి అద్దమెందుకు, ఒకసారి కోనసీమ లోపలికి వచ్చి చూడండయ్యా!

ఆ పాటల కుర్రాడు ఇనుప తాడు యాక్సిల్ దూలానికి కట్టకుండా, ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్డుకి కట్టాడు. చేతికందింది అదే మరి. లారీ బయటకొచ్చింది, టై రాడ్డు విల్లులా వంగింది, ముందు చక్రాలు రెండూ చెరో దిక్కు చూశాయి. ఇదీ నీ ఖాతాలోకే రాస్తున్నాను.

షెడ్డులో విప్పితే ఇంకో భాగోతం. కుడివైపు కింగ్ పిన్ను, అంటే ముందు చక్రం పక్కకి తిరిగే నిలువు పిన్ను, పట్టేసింది. సమ్మెట దెబ్బలకి రాక, చివరికి ప్రెస్సు పెట్టి తోస్తే వచ్చింది. కింది సగం ఒకవైపే అరిగి, వేలితో తడిమితే మెట్టు తెలుస్తోంది. బుష్షులో గ్రీజు ఉండాల్సినచోట గట్టిపడిన ఒండ్రుమట్టి. గ్రీజు నిపుల్ మీద పెయింటు చెక్కుచెదరలేదు. ప్రతిసారీ "గ్రీజు కొట్టేశానండి" అని డబ్బులు పుచ్చుకున్న కుర్రాడికి ఇంకో ఉత్తరం రాస్తాను.

యాక్సిల్ దూలం కూడా కాస్త వంగిందని తేలింది. "గ్యాసు పెట్టి ఎర్రగా కాల్చి వంచేద్దామండి" అన్నాడు మేస్త్రి. ఫోర్జింగ్ దూలాన్ని అలా కాలిస్తే దానికి పెట్టిన పదును పోతుంది, ఇంకో గోతిలో ఇంకోలా వంగుతుంది. వద్దంటే వద్దని దూలం మార్పించాను. పిన్నులు, బుష్షులు, థ్రస్టు బేరింగులు కొత్తవి. బుష్షులు రీమరుతో సరిచేశారు. దూలాన్ని కమానుకట్టలకి పట్టి ఉంచే యూ బోల్టులు పాతవే బిగిస్తానంటే ఒప్పుకోలేదు, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ పట్టు ఇవ్వదు. టో-ఇన్, అంటే ముందు చక్రాలు కాస్త లోపలికి చూసే కొలత, కంటిచూపుతో పెట్టేస్తానన్నాడు. ఆయన కళ్లజోడు చూసి గేజీ తెమ్మన్నాను. బండి "రేపు పొద్దున్నకల్లా" ఇస్తాడట. ఏ రేపో ఆ గోదారి తల్లికే తెలియాలి.

ఇక నీ సంగతి. సలహాలకేం కొదవ? మేనల్లుడు ఫోనులో వీడియోలు చూసి "ముందు యాక్సిల్‌కి కూడా లాకర్ వేయిద్దాం మావయ్యా" అన్నాడు. మన ముందు యాక్సిల్‌కి ఇంజను తిప్పుడు లేదురా, అది తిన్నగా పోవడానికే నానా తంటాలు పడుతోంది అని చెప్పాను. మేస్త్రి, రెండు చక్రాల్నీ వేరువేరు వేగాలతో తిరగనిచ్చే నీ స్పైడర్ గేర్లకి వెల్డింగు కొట్టేద్దామన్నాడు. చవకే, కానీ రావులపాలెం సెంటర్లో మలుపు తిరిగిన ప్రతిసారీ టైర్లు అరిగిపోతాయి, ఏదో ఒకరోజు షాఫ్టు ఫట్టుమంటుంది. నీ బదులు క్లచ్ ప్లేట్లున్న రకం వేస్తే మెత్తగా పనిచేస్తుంది గానీ ప్లేట్లు అరుగుతాయి, దానికి వేరే ఆయిలు పొయ్యాలి. గేర్లతోనే పట్టిచ్చే రకం తెలివైనదే, జారే చక్రం అందుకున్న దానికి మూడు నాలుగు రెట్లు రెండోదానికి ఇస్తుంది. కానీ జారేవైపు పట్టు సున్నా అయితే సున్నాకి నాలుగు రెట్లు కూడా సున్నాయే. మా బంకమట్టి అలాంటి సున్నాలకి పెట్టింది పేరు.

కాబట్టి గాలితో పనిచేసే లాకున్న సెట్టే వేయిస్తున్నాను. టిప్పరు సెట్టు అమ్మజూపారు గానీ దాని రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు తిరిగే చుట్లు, ఎక్కువ, రోడ్డు మీద ఇంజను అరుస్తుంది, డీజిలు తాగుతుంది. మనది 41 పళ్ల క్రౌనుకి 7 పళ్ల పినియన్, అంటే 5.86. అదే రేషియోలో, అవే స్ప్లైన్లతో, అంటే షాఫ్టు దిగే గాడులతో, దొరికిందాకా తిరిగాను. డ్రైవరుకీ చెప్పాను, చక్రం తిరుగుతుండగా స్విచ్చి నొక్కితే లాకు పళ్లు ఊడతాయి, ఆగి నొక్కు. తారురోడ్డు ఎక్కగానే తీసెయ్.

కోపంలో ఏదో అన్నాను గానీ, హైవే మీద తమరు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. అది ఒప్పుకోవాలి. ఎన్ని మలుపులు, ఒక్క టైరూ అనవసరంగా అరగలేదు. అందుకే తమరిని తుక్కుకి వెయ్యడం లేదు. ఒక పార్టీ చూసుకుని వెళ్లాడు. ఆయన లారీ తారురోడ్డు దిగనే దిగదట, కాబట్టి తమరికి తగిన సంబంధమే. లాకు లేదని ముందే చెప్పాను. బురదలో గిర్రున తిరిగిన ఆ స్పైడర్ గేర్ల గురించి ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఇట్లు,
ఇకపై తమరి విధేయుడు కాని,
లారీ ఓనరు