మహారాజశ్రీ ఒనిక్స్ గారికి

మహారాజశ్రీ ఒనిక్స్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. హిమోగ్లోబిన్ 8.6 వచ్చినదాన్ని, అలా రాస్తే అబద్ధమవుతుందని మానేశాను.

మీరెవరో మొన్నటిదాకా నాకు తెలియదు. గోళ్ళు పొరలుపొరలుగా లేచిపోతున్నాయి, రెండు మెట్లెక్కితే ఆయాసం వస్తోంది అని డాక్టరు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన నా వేలు పట్టుకుని, లైటు కింద అటూ ఇటూ తిప్పి చూసి, "ఒనికొస్కిజియా" అన్నారు. నా గుండె జారిపోయింది. ఇంటికొచ్చి ఆ మాట విప్పి చూస్తే ఏముంది, గ్రీకులో 'ఒనిక్స్' అంటే గోరు, అంటే తమరే. మిగతా సగం చీలడం. నేను తెలుగులో చెప్పిందే ఆయన నాకు గ్రీకులో తిరిగి అప్పజెప్పారన్నమాట. ఫీజు ఐదొందలు.

గోరంతను కొండంత చేయడం అని మావాళ్ళు మిమ్మల్ని చూడకుండానే అన్నారు. గోరు నిలువుగా పగిలితే ఒనికొరెక్సిస్. 'రెక్సిస్' అంటే పగలడం. గోరు గుంటపడి చెంచాలా తయారైతే కొయిలొనికియా. 'కొయిలోస్' అంటే లోపల బోలుగా ఉన్నది. నీళ్ళచుక్క వేస్తే జారకుండా ఆ గుంటలో నిలుస్తుంది. ఒంట్లో ఇనుము బాగా తగ్గితే గోళ్ళు ఇలా అవుతాయి. ఇక గోటి మీద తెల్లమచ్చ వస్తే ల్యూకొనికియా. మా చిన్నప్పుడు ఆ మచ్చ కనిపిస్తే కొత్తబట్టలు వస్తాయని ఎగిరి గంతేసేవాళ్ళం. మీ పేరు తెలిసుంటే ఆ పండక్కి మా నాన్న గౌను బదులు టానిక్కు కొనేవాడు.

అలాగని మీరు మాకు పూర్తిగా పరాయివారూ కారు. సంస్కృతంలోని నఖం, ఇంగ్లీషువాళ్ళ నెయిలు, మీరు, ముగ్గురూ ఒకే మూలం నుంచి వచ్చినవాళ్ళేనట. మా గోరుది మాత్రం వేరే ఇల్లు. తమిళంలో ఉగిర్, కన్నడంలో ఉగురు దాని తోబుట్టువులు.

మీతో కలిసి తిరిగే హైమా గారి సంగతి కూడా అడగాలి. హైమా అంటే రక్తం. ముందు 'అన్' తగిలిస్తే ఎనీమియా, అంటే రక్తం లేకపోవడం. (మా అనర్హుడిలో, అనారోగ్యంలో ఉన్న 'అన్' ఇదే.) అయ్యా, రక్తమే లేనిదాన్ని ఆటో ఎక్కి ఆస్పత్రికి ఎలా వచ్చాను? తగ్గింది హిమోగ్లోబిన్. మా రక్తహీనత కూడా మీ మాటకు దించిన నకలే, దాన్నేం వెనకేసుకు రాను. పాండురోగం అన్న పాతపేరు నయం. ఒళ్ళు పాలిపోయింది అని కంటికి కనిపించిందే చెప్పింది. వ్యాసుణ్ణి చూసి అంబాలిక పాలిపోతే పుట్టిన పాండురాజు పేరులో ఉన్నదీ ఆ మాటే. చరకసంహిత పాండురోగానికి చెప్పిన మందుల్లో నవాయసం ఒకటి. అయస్సు అంటే ఇనుము. పేరు పైపైన చూసినా మందు మాత్రం సరైన చోటికే వెళ్ళింది.

మీ ఇంట్లో క్లోరోసిస్ చేసిన పనికి మాత్రం నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. 1554లో యోహానెస్ లాంగే అనే జర్మన్ వైద్యుడు నాలాగే ఒక లేఖ రాశాడు. ఒక అమ్మాయి పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం, తిండి సయించడం లేదు. దానికి ఆయన 'కన్యల వ్యాధి' అని పేరు పెట్టి, పెళ్ళి చేయమని సలహా ఇచ్చాడు. తర్వాతి శతాబ్దంలో దానికే పచ్చటి రంగును చెప్పే గ్రీకుమాటతో క్లోరోసిస్ అని పేరొచ్చింది. ఆ శతాబ్దంలోనే ఇంగ్లండులో సిడెన్‌హామ్ అనే వైద్యుడు ఇనుము ఇచ్చి చూశాడు. 1832లో ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు ఇనుము మాత్రలు తెచ్చాడు. అయినా ఆ 'కన్యల' మచ్చ ఒక పట్టాన పోలేదు. ఇప్పటికీ మా పెద్దత్తయ్య, పాలిపోయిన పిల్ల ఎక్కడ కనిపించినా, "పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయమ్మా" అంటుంది. ఆవిడ లాంగేని చదివి ఉంటుందని నేననుకోను. నాకు పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. సర్దుకున్నది నేనే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఎనీమియా ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందికి ఉన్నదానికి ఇన్ని పేర్లు పెట్టారే, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినడానికి మీ భాషలో ఒక్క మాటైనా లేదా? నెలనెలా పోయే రక్తాన్ని "మామూలే" అని పదేళ్ళు నెట్టుకురావడాన్ని ఏమంటారు? చివర 'ఇయా' అని పెట్టండి చాలు, నోరు తిరక్కపోయినా నేర్చుకుంటాం.

మీ వంశం మొత్తంలో నాకు నచ్చింది ఒక్కటే, సైడెరోపీనియా. సైడెరోస్ అంటే ఇనుము, పీనియా అంటే పేదరికం. నా చీటీలో మాత్రం ఆ మాట రాయలేదు.

ఇంతకీ నా గోళ్ళు లేచిపోవడానికి ఎక్కువ వాటా అంట్లదేనట. పదేపదే నానడం, ఆరడం. గ్లవ్స్ వేసుకోమన్నారు. రక్తానికి ఐరన్ మాత్రలు రాశారు. వేసుకున్నాక కాసేపు టీ తాగొద్దన్నారు, నిమ్మరసం మంచిదన్నారు. వీటన్నిటికీ గ్రీకు అక్కర్లేకపోయింది.

ఇట్లు,
పొరలుగా లేచిన పది గోళ్ళ సొంతదారు

తా.క.: నిన్నటి నుంచి ఎడమ చూపుడువేలికి గోరుచుట్టు. నిమ్మకాయ తొడుక్కుని ఒంటిచేత్తో టైపు చేస్తున్నాను. మీవాళ్ళు దీన్ని పారొనికియా అంటారట, అంటే 'గోరు పక్కన'. పక్కన కాదండీ, చుట్టూ. కావాలంటే వచ్చి చూసుకోండి.