యోబు స్నేహితులకు జరిగిన అన్యాయం

బైబిలులోని యోబు గ్రంథం చదివిన ప్రతివారూ, నీతిమంతుడై ఉండీ ఆస్తినీ పిల్లల్నీ ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబు కోసమే కన్నీరు కారుస్తారు. అతణ్ణి ఓదార్చడానికి వచ్చిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరుల శ్రమను తలచుకున్న నాథుడు లేడు. పనులన్నీ మానుకుని వచ్చి, ఒళ్లంతా కురుపులతో బూడిదలో కూర్చున్న మనిషికి ఆ కురుపులు అతడి పాపం వల్లే లేచాయని అధ్యాయాల తరబడి విడమరిచి చెప్పిన మహానుభావులు వారు. వారి విగ్రహాలు కర్నూలులో పెట్టించాలని నా విజ్ఞప్తి.

కర్నూలే ఎందుకంటే, వారి సంప్రదాయాన్ని మనం చెక్కుచెదరకుండా కాపాడుకున్నాం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ ఊరిని ముంచెత్తాయి. వరద తీశాక ఇళ్లలో మిగిలింది బురద. పులిహోర పొట్లాల కంటే ముందు వివరణలు అందాయి. ఊరి పాపం పండిందని ఒకరు, ఇది దేవుడు పెట్టిన శోధన అని మరొకరు. బియ్యం డబ్బాలోంచి బురద తోడుతున్న ఆమెతో మూడో పెద్దాయన, "ప్రభువు ప్రేమించేవారినే శిక్షిస్తాడమ్మా" అన్నారు. ఆ ప్రేమ కాస్త తగ్గినా ఫరవాలేదని ఆమె ముఖం చెబుతూనే ఉంది. కానీ ఓదార్చడానికి వెళ్లినవారు ముఖాలు చూడరు. ఇక ఎగువన కురిసిన వానలు, శ్రీశైలం నీటిమట్టం, గేట్లు ఎత్తాల్సిన వేళ వంటివి ఇంజనీర్ల గొడవ. విశ్వాసులు అడగకూడదు.

పండితులు కూడా మన పక్షమే. చెడు అంటూ విడిగా ఏదీ లేదు, మంచి లోపించడమే చెడు అన్నారు ప్రాచీన క్రైస్తవ వేదాంతి అగస్టీను. అంటే ఆ బురద కూడా శుభ్రత లోపించడమే. సాధ్యమైన లోకాలన్నిటిలో ఇదే మేలైనదని 1710లో జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ తేల్చారు. 1755 నవంబరు 1న, సకల పరిశుద్ధుల పండుగనాడు, జనంతో నిండిన పోర్చుగల్ రాజధాని లిస్బన్ చర్చిలను భూకంపం కూల్చింది. భూకంపాలు తత్వశాస్త్రం చదవవు మరి. మనిషికి స్వేచ్ఛ ఉంది కాబట్టే చెడు ఉందన్న వాదం హంతకుల విషయంలో గట్టిగానే నిలుస్తుంది. అనంతపురంలో వేరుసెనగ ఎండిపోతే మాత్రం మేఘాలకూ స్వేచ్ఛాసంకల్పం ఉందని ఒప్పుకోవాలి.

మనకు అసలు ఇబ్బంది బైబిలుతోనే. యెరూషలేములో సిలోయము గోపురం కూలి చనిపోయిన 18 మంది మిగతావారికంటే పాపులా అంటే, కాదన్నాడు యేసు. పుట్టుగుడ్డి విషయంలోనూ అతడి పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదన్నాడు. యోబు 42వ అధ్యాయం మరీ దారుణం. దేవుణ్ణే నిలదీసిన యోబు సరిగ్గా మాట్లాడాడట, దేవుడి పక్షాన వాదించిన ముగ్గురి మీదా ఆయనకు కోపం వచ్చిందట! వకీలు గొంతు చించుకుంటే కక్షిదారే లేచి తిట్టినట్లుంది. మనం ఆ అధ్యాయంలో గొర్రెలు 7000 నుంచి 14000 అయిన చోటునే చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు చెప్పుకుంటాం. పిల్లలూ అంతే, పోయింది పదిమంది, పుట్టింది పదిమంది. లెక్క సరిపోయింది. తల్లిని ఎవరూ అడగలేదు.

ఆ ముగ్గురి చరిత్రలో ఒక మచ్చ ఉంది, దాచను. నోరు విప్పకముందు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు యోబుతోపాటు నేలమీద ఊరికే కూర్చున్నారు. మనవాళ్లు గడప దాటకముందే మొదలుపెడతారు. ఆ పాత పద్ధతి మళ్లీ తేవాలని కొందరు కుర్రవాళ్లు అంటున్నారు. నేను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. వరద ఇంట్లో మాట్లాడకుండా కూర్చున్నవాడికి కాసేపట్లో ఎవరో ఒకరు పార అందిస్తారు. ఈ వయసులో నా నడుముకు అది పడదు.