కనబడని కిటికీకి స్క్రీన్‌షాట్

సింహాద్రి అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉండి, ఒక్కరోజు నిజరూప దర్శనం ఇస్తాడు. ఏ రోజో ముందే తెలుసు, అక్షయ తృతీయ. క్యూలో నిలబడే ఓపికుంటే చాలు. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా బావమరిదికి ఒక్క గది ఫోటో స్టూడియో ఉంది. అక్కడ ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో సేవ్ విండో కూడా గత నెల చందనం పూసుకుని కూర్చుంది. దీనికి తిథి లేదు, క్యూ లేదు, ప్రసాదం అసలే లేదు.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు నేను చెప్పను. మీకూ ఉండే ఉంటుంది, నెలనెలా కార్డులోంచి డబ్బు గీక్కునేదే.

జరిగిందిది. స్టూడియోలో రెండు మానిటర్లు ఉండేవి. ఎడమవైపు మానిటర్‌ను మా బావమరిది కొడుకు క్రికెట్ కోసమని ఇంటికి పట్టుకుపోయాడు. కుర్రాడు మానిటర్ పట్టుకుపోయిన సంగతి వీధి మొత్తానికి తెలిసింది, సాఫ్ట్‌వేర్‌కి తప్ప. అది లేని మానిటర్ మీదే విండోలు తెరవడం మొదలెట్టింది.

దీని వెనక ఒక లెక్క ఉంది. కంప్యూటర్ దృష్టిలో మెయిన్ మానిటర్ ఎడమ పైమూల సున్నా, సున్నా. దానికి ఎడమపక్క ఇంకో మానిటర్ పెడితే అక్కడ అంతా మైనస్ లెక్క. తెర వెడల్పు 1920 చుక్కలైతే ఆ రెండో తెర మైనస్ 1920 దగ్గర మొదలవుతుంది. ఏ విండో ఎక్కడ ఉండేదో సాఫ్ట్‌వేర్ ఒక ఫైల్‌లో రాసి పెట్టుకుంటుంది. మళ్లీ తెరిచినప్పుడు ఆ అంకె చూసుకుని అక్కడికే పోతుంది. అక్కడ తెర ఉందా, గోడ ఉందా అన్నది దానికి పట్టదు.

మా విషయంలో గోడే ఉంది. 24 అంగుళాల మానిటర్ అడ్డంగా 53 సెంటీమీటర్లు. టేపు పెట్టి కొలిచాం. సేవ్ విండో సగం గోడలో ఉంది, మిగతా సగం గోడ అవతల పునుగుల బండి మీద ఉంది. బావమరిది బయటికెళ్లి చూసొచ్చాడు కూడా. "బావా, మూకుడు పక్కన ఏమీ లేదు" అన్నాడు. పునుగులాయన మాత్రం కంగారుపడి, తన బండికి మున్సిపాలిటీ వాళ్లు మళ్లీ ఏదైనా పెట్టారేమోనని మూకుడు ఎత్తి కింద కూడా వెతికాడు.

ఇంకో ముక్క చెప్పాలి. మనం మినిమైజ్ చేసిన విండోని విండోస్ మైనస్ 32000 దగ్గర దాచిపెడుతుంది, ఎడమకీ అంతే, పైకీ అంతే. మా మానిటర్ లెక్కన దాదాపు 9 మీటర్లు. అంటే ఇన్నాళ్లూ మేం మినిమైజ్ చేసినవన్నీ మూడో అంతస్తులో ఇంటి ఓనరు గారి వంటగదిలో పోగుపడుతున్నాయి. ఆయనకి ఈ సంగతి తెలియనివ్వకండి, వాటికీ అద్దె వసూలు చేస్తాడు.

ఇక్కడిదాకా నవ్వులాటే. ఆ రోజు మధ్యాహ్నం ఒక మామ్మగారు వచ్చారు.

ఆవిడ భర్త షిప్‌యార్డ్‌లో పనిచేసి రిటైరయ్యారు. మర్నాడు పెద్దకర్మ. దండ వేయడానికి సరైన ఫోటో లేదు. ఉన్నది ఒక్కటే, పాతకాలపు గ్రూపు ఫోటో. మూడో వరసలో చివర నిలబడ్డారు పెద్దాయన. మొహం మీదుగా మడత, గడ్డం కింద చెమ్మ మరక. ఆపరేటర్ కుర్రాడు కూర్చుని నాలుగు గంటలు కొట్టుకున్నాడు. మడత తీశాడు, మరక తీశాడు, పక్కవాడి భుజాన్ని చెరిపి ఈయనకి భుజం కట్టాడు. మామ్మగారు ఒక్కటే అడిగారు, "ఆ పుట్టుమచ్చ తీసీకు బాబూ." తీయలేదు. పని అయిపోయింది. సేవ్ నొక్కాడు.

టింగ్.

ఇంకెక్కడ నొక్కినా టింగ్. సేవ్ విండో తెరుచుకుంది, పునుగుల బండి మీద. దానికి జవాబు చెప్పేదాకా మెయిన్ విండో కదలదు, అది దాని మర్యాద. బయటివాళ్లకి కంప్యూటర్ బిగుసుకుపోయినట్టు ఉంటుంది. నిజానికి అది ఎంతో ఓపిగ్గా మన సంతకం కోసం ఎదురుచూస్తోంది, కాగితం మాత్రం మనకి ఇవ్వదు.

మన ఊళ్లో ఒకరికి కష్టమొస్తే వైద్యులకి కొదవా? పాస్‌పోర్ట్ ఫోటోకి వచ్చినాయన పవర్ సేవింగ్ తీసేయమన్నాడు. జిరాక్స్ షాపాయన వైరస్ అని తేల్చేశాడు. పునుగులాయన, ఇప్పుడు ఆయనకీ ఇందులో వాటా ఉందిగా, "కేబుల్ ఓపాలి ఊపి సూడండి" అన్నాడు. ఊపాం. ఉన్న ఒక్క మానిటరూ ఆరిపోయి, అందరి ప్రాణాలూ తీసి, మళ్లీ వెలిగింది.

చివరికి నేనే ఫోన్‌లోంచి కస్టమర్ కేర్‌తో చాటింగ్‌కి దిగాను. సేవ్ విండో తెర బయట తెరుచుకుంటోంది, కనబడడం లేదు అని రాశాను. జవాబు ఎంతో మర్యాదగా వచ్చింది. మా ఇబ్బందికి చింతిస్తున్నారట. సమస్యను బాగా అర్థం చేసుకోవడానికి ఆ విండో స్క్రీన్‌షాట్ పంపాలట.

నేను మళ్లీ రాశాను, అయ్యా, అది కనబడడం లేదు. వాళ్లు మళ్లీ రాశారు, స్క్రీన్‌షాట్ లేనిదే ఫిర్యాదు ముందుకు కదలదు. సరే, తెర ఎలా ఉందో అలాగే తీసి పంపాను. రెండు నిమిషాల తర్వాత తీర్పు వచ్చింది. "స్క్రీన్‌షాట్ అందింది. అందులో సమస్య ఏమీ కనిపించడం లేదు."

అదేనయ్యా సమస్య!

తప్పిపోయిన పిల్లాడి గురించి స్టేషన్‌కి వెళ్తే, ముందు పిల్లాణ్ణి తీసుకురండి, కేసు రాసుకుంటాం అన్నట్టుంది. బావమరిదికి ఒళ్లు మండి పునుగుల బండిని ఫోటో తీసి పంపాడు, విండో ఇక్కడుంది అని రాసి. దానికీ జవాబొచ్చింది. ఫైల్ సైజు ఎక్కువైందట, తగ్గించి పంపాలట. తగ్గించడానికి ఫోటో సాఫ్ట్‌వేర్ కావాలి కదా. తగ్గించి సేవ్ చేయాలి కదా.

అప్పుడు వాళ్లు అసలు మందు చెప్పారు. సాఫ్ట్‌వేర్ మూసేసి, ప్రిఫరెన్సెస్ రీసెట్ చేసి, మళ్లీ తెరవండి.

మూసేయాలా? లోపల సేవ్ కాని పెద్దాయన ఉన్నారు. నాలుగు గంటల పని ఉంది. బెంచీ మీద ఆవిడ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది, "అవ్వలేదేటి బాబూ" అని అరగంటకోసారి మెల్లిగా అడుగుతోంది. మూసేయడమట! ఒక్క నొక్కుతో ఆకాశం మార్చేస్తాం, ఫోటోలో లేని మనిషిని పుట్టిస్తాం, ఉన్న మనిషిని మాయం చేస్తాం అని ప్రకటనలేస్తారు. ఈ చోట తెర ఉందా అని ఒక్క మాట అడిగితే ఆపరేటింగ్ సిస్టమ్ అక్కడికక్కడే చెబుతుంది. అడగడానికి పట్టుమని పది లైన్ల కోడ్ కూడా అక్కర్లేదు. ఆ పది లైన్లు రాయడానికి మీకు తీరిక లేదు, ప్రతి అప్‌డేట్‌కీ బటన్ల రంగు మార్చడానికి మాత్రం ఉంది. అద్దె ఒక్కరోజు ఆలస్యమైతే తెర నడిమధ్యన ఎర్రగా పడుతుందే ఆ నోటీసు, అది ఎన్నడూ గోడలోకి పోలేదు. అది పునుగుల బండి మీద ఎందుకు తెరుచుకోదు? దానికి తెర ఎక్కడుందో ఎలా తెలుసు? ఆపరేటర్ కుర్రాడికి నెల జీతం కాదు, ఫోటోకింతని ఇస్తారు. వాడి నాలుగు గంటలు ఎవడి ఖాతాలో రాయాలి?

చింతిస్తున్నారట.

సముద్రంలో తిరిగిన 91 మీటర్ల కురుసుర సబ్‌మెరైన్‌ని బీచ్ రోడ్డు పక్కకి లాక్కొచ్చి, 2002 నుంచి టికెట్ పెట్టి చూపిస్తున్న ఊరు మాది. అలాంటి ఊళ్లో జానెడు సేవ్ విండోని తెర మీదకి లాగలేక ఏడుగురం కూర్చున్నాం. ఆఖరికి బావమరిదికి పల్లెటూరి తెలివి పనిచేసింది. విండో తెర దగ్గరికి రాకపోతే తెరనే విండో దగ్గరికి తెద్దాం అన్నాడు. స్కూటీ వేసుకుని మద్దిలపాలెంలో ఇంటికి పోయాం. అక్కడ ఆఖరి ఓవర్ నడుస్తోంది. కొడుకు కాళ్లావేళ్లా పడ్డా వినకుండా ప్లగ్ పీకేశాం. మానిటర్‌ను దుప్పట్లో చుట్టి నా ఒళ్లో పెట్టుకున్నాను. సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపి ఏమిటది అన్నాడు. కిటికీ కోసమండీ అన్నాను. ఆయన నా మొహం చూసి, జాలిపడి వదిలేశాడు.

మానిటర్‌ను గోడ పక్కన పెట్టి కేబుల్ గుచ్చాం. వెలిగింది. దాని నడిమధ్యన సేవ్ విండో, పొద్దుటి నుంచీ అక్కడే ఉన్నట్టు. కుర్రాడు పేరు కొట్టి ఎంటర్ నొక్కాడు. రాత్రి తొమ్మిదిన్నరకి పెద్దాయన ప్రింటు చేతికొచ్చింది. మామ్మగారు వేలితో పుట్టుమచ్చ తడిమి చూసుకుని, కొంగు ముడి విప్పబోయింది. బావమరిది తీసుకోలేదు.

మర్నాడు వీసా ఫోటోకి వచ్చిన ఇంజనీరింగ్ పిల్ల, రెండంగుళాల చదరం కోసం తల నిటారుగా పెట్టి కూర్చుని, ఈ కథంతా విని చల్లగా చెప్పింది. "అంకుల్, ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, తర్వాత ఎం నొక్కి, బాణం గుర్తు ఒకసారి నొక్కితే విండో మౌస్‌కి అతుక్కుని వచ్చేస్తుంది కదా." నాలుగు మీటలు. కస్టమర్ కేర్‌లో అంతమంది చింతించారు గానీ ఈ నాలుగు మీటలు ఒక్కరి నోటా రాలేదు. మేం మానిటర్ పీకి ఇంటికి పంపేశాం, లేకపోతే కొడుకు మాట్లాడేలా లేడు.

సాయంత్రం సాఫ్ట్‌వేర్‌లో చిన్న విండో ఒకటి దానంతటదే తెరుచుకుంది. మా సేవ మీకు నచ్చిందా, నక్షత్రాలు ఇవ్వండి అని. అది తెర ఎడమ అంచున సగం తెగి ఉంది. ఒకటి నుంచి నాలుగు నక్షత్రాలు గోడలోకి పోయాయి. నొక్కడానికి ఐదోది ఒక్కటే కనబడుతోంది.