అంతరిక్ష మరుగుదొడ్డి గారికి ఒక బహిరంగ లేఖ

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో కొలువున్న మరుగుదొడ్డి గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి. ఉత్తరాల్లో అందరూ అలవాటుకొద్దీ రాసే ఈ మాటను మీకు మాత్రం మనస్ఫూర్తిగా రాస్తున్నాను. మీరు క్షేమంగా లేకపోతే అక్కడ ఎవరూ క్షేమంగా ఉండరు.

అంతరిక్షంలోకి మనుషుల్ని పంపాలా, యంత్రాల్ని పంపాలా అని చాలా ఏళ్లుగా వాదన నడుస్తోంది. ఒకరు మానవజాతి సాహసం అంటారు, ఇంకొకరు బడ్జెట్ అంటారు. సాక్ష్యానికి మిమ్మల్ని మాత్రం ఎవరూ పిలవరు. అసలు సంగతంతా మీ దగ్గరే ఉందని నా అనుమానం. మనుషుల్లేని నౌక వాయేజర్-1 బయల్దేరింది 1977లో. ఇన్నేళ్లలో ఒక్కసారైనా "ఒంటికి వెళ్లాలి, కాస్త ఆపండి" అనలేదు. అదే 1961 మే 5న అలన్ షెపర్డ్ గారి ప్రయాణం మొత్తం కలిపి పదిహేను నిమిషాలు. ఆ మాత్రం దానికి ఏర్పాట్లెందుకు అనుకున్నారు. తీరా చూస్తే రాకెట్ గంటల తరబడి కదల్లేదు. అంతరిక్షంలోకి వెళ్లిన తొలి అమెరికన్ తడిసిన సూటుతోనే చరిత్రకెక్కారు.

అపోలో రోజుల్లో మీ వంశానికి మూలపురుషుడు ఒక ప్లాస్టిక్ సంచి. ఒంటికి అతికించుకోవాలి, పని కానివ్వాలి, తర్వాత క్రిములు చచ్చే మందు వేసి బాగా పిసకాలి. చంద్రుడి దాకా వెళ్లిన వీరులండీ, పాపం! 1969లో అపోలో-10 నౌకలో ఒక పదార్థం సంచిలోంచి తప్పించుకుని గాల్లో తేలుతుంటే, ముగ్గురూ నాది కాదంటే నాది కాదని చెప్పుకున్న సంభాషణ నాసా రికార్డుల్లో భద్రంగా ఉంది. రోబోలకు ఇలాంటి చరిత్ర లేదు.

మీ హయాంలో పరిస్థితి చాలా మెరుగుపడింది, కాదనను. కింద భూమి ఆకర్షణ ఉచితంగా చేసిపెట్టే పనిని మీరు ఫ్యాను పెట్టి, గాలితో లాగి చేస్తారు. మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగే నీరుగా మార్చడంలో మీ పక్కనున్న యంత్రాలు కూడా గట్టివే; కేంద్రంలో వాడిన నీటిలో 98 శాతం తిరిగి రాబడుతున్నామని 2023లో నాసా ప్రకటించింది. మిగిలిన ఘనకార్యం డబ్బాల్లోకెక్కి, చెత్త నింపుకున్న సరుకు నౌకతో పాటు వాతావరణంలో కాలిపోతుంది. కింద ఎవరో దాన్ని చూసి, చుక్క రాలిందని మొక్కుకునే ఉంటారు.

ఇక ఖర్చు. 2020లో పైకి పంపిన మీ కొత్త మోడల్‌కు 2 కోట్ల 30 లక్షల డాలర్లు అయ్యాయి. మంగళ్‌యాన్ కుజుడి దాకా వెళ్లి, ఏళ్ల తరబడి దాని చుట్టూ తిరిగిన మొత్తం ఖర్చు సుమారు 7 కోట్ల 40 లక్షల డాలర్లు. అంటే మరుగుదొడ్డి పద్దును మూడుసార్లు రాసుకుంటే ఇంచుమించు ఒక గ్రహయాత్ర! ఇందులో మీ తప్పేమీ లేదు. మనిషిని పంపడమంటే మనిషిని పంపడం కాదు. అతని గాలి, నీళ్లు, తిండి, నిద్ర, చివరికి మీరు, అన్నిటికీ మించి తిరుగు టికెట్టు.

అలాగని రోబోల భజన చేస్తున్నానని అనుకోకండి. కొండను తవ్వి ఎలుకను పట్టడం మన సామెత. కుజుడి మీద దిగిన నాసా యంత్రం ఇన్‌సైట్ వాళ్లు ఎలుకలాంటి పరికరాన్ని పట్టుకెళ్లి అక్కడి నేలను తవ్వమన్నారు. బొరియలు చేసే జంతువని దానికి 'మోల్' అని పేరు కూడా పెట్టారు. ఐదు మీటర్లు దిగాల్సింది, దాదాపు రెండేళ్లు కొట్టుకుని, ఒళ్లంతా మట్టిలో దాగితే చాలనిపించి, 2021 జనవరిలో విశ్రమించింది. అక్కడ ఒక మనిషీ ఒక గునపమూ ఉంటే సాయంత్రానికి తేలిపోయేది. కుజుడి మీద తిరిగిన ఆపర్చునిటీ రోవర్ మహా మొండిది. తొంభై రోజులకని పంపితే పద్నాలుగేళ్లు దాటి పనిచేసింది. కానీ 1972లో అపోలో-17 వాళ్లు చంద్రుడి మీద మూడు రోజుల్లో బండి మీద తిరిగిన దూరాన్ని దాటడానికి దానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ అపోలో-17లోనే హారిసన్ ష్మిట్ అనే భూగర్భ శాస్త్రవేత్త కాలి కింద మట్టి నారింజ రంగులో ఉందని గమనించి కేకపెట్టాడు. రోబో అయితే ఫొటో తీసి కిందికి పంపి, దాన్ని మీటింగులో చూసిన వాళ్లు ఏం చెయ్యమంటారో అని కూర్చునేది.

అయినా నన్ను కలవరపెట్టేది వేగం కాదు, శుభ్రత. 1976లో కుజుడి మీద దిగిన వైకింగ్ ల్యాండర్లను బయల్దేరకముందే 110 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచారు, మన సూక్ష్మజీవి ఒక్కటి కూడా అక్కడికి చేరకూడదని. శనిగ్రహం చుట్టూ తిరిగిన నౌక కసీనీ సంగతి మరీ దయనీయం. ఇంధనం అయిపోవచ్చాక అది శని చందమామలైన ఎన్సెలడస్ మీదో టైటన్ మీదో పడి మైల చేస్తుందేమోనని, 2017 సెప్టెంబరు 15న దాన్ని శనిగ్రహంలోకి తోసేశారు. మడి కట్టుకుని ప్రాణం విడిచిన యంత్రం అది. మరి మనిషినైతే పొయ్యిలో పెట్టలేం. కడుపులో కోట్లకొద్దీ సూక్ష్మజీవుల్ని మోసుకుంటూ, మీలాంటి వారిని వెంటబెట్టుకుని, కుజుడి మీద జీవం ఉందా అని వెతకడానికి వెళతాడు. దొరుకుతుంది లెండి. ఎవరిదో తేల్చడానికి మళ్లీ ముగ్గురూ నాది కాదంటే నాది కాదని మొదలెడతారు.

కాబట్టి నా మనవి ఒక్కటే. కుజుడి మీదికి వెళ్లే జట్టులో మీ పేరు ఉంటే కాస్త ఆలస్యంగా బయల్దేరండి. వెతికేవన్నీ వెతకడం ముందు రోబోలను పూర్తి చేయనివ్వండి.

ఇట్లు,
భూమి ఆకర్షణను ఉచితంగా వాడుకుంటున్న ఒక సామాన్యుడు

తా.క.: అపోలో వాళ్లు చంద్రుడి మీద వదిలేసి వచ్చిన ఆ సంచులు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటిలో సూక్ష్మజీవులు ఏమయ్యాయో చూడాలని కొందరు శాస్త్రవేత్తలు ఉబలాటపడుతున్నారు. ఆ పనికి మాత్రం మనుషుల్నే పంపమనండి. రోబోకేం ఖర్మ.