‘ఊరికే దొరికే సాఫ్ట్‌వేర్‌తో రేడియేషన్’ అన్న మెసేజ్ గురించి

బెంగళూరులో తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. క్యాన్సర్ ఆసుపత్రులు డబ్బు మిగుల్చుకోవడానికి ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనపడేలా ఉచితంగా దొరికే) సాఫ్ట్‌వేర్‌తో రేడియేషన్ ఇస్తున్నాయట. ఆ కోడ్‌ను ఎవరైనా మార్చేయవచ్చట, రాసింది కాలేజీ పిల్లలట, అదే కంపెనీ సాఫ్ట్‌వేర్ అయితే తప్పే జరగదట. అనంతపురం నుంచో మదనపల్లె నుంచో కిద్వాయి క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చే కుటుంబాలకు అసలే టెన్షన్, దానికి తోడు ఇది. రేడియేషన్ డోస్ లెక్కలూ మెషీన్ల కొలతలూ చూసే మెడికల్ ఫిజిక్స్ నా వృత్తి కాబట్టి జవాబు రాస్తున్నాను.

మొదటి మాట, దాంతో రేడియేషన్ ఇస్తున్నారన్నది. రోగికి సీటీ తీశాక డాక్టరు గడ్డనూ చుట్టుపక్కల అవయవాలనూ గీస్తారు. ఎక్కడ ఎంత డోస్ పడాలో ట్రీట్‌మెంట్ ప్లానింగ్ సిస్టమ్ లెక్కకడుతుంది, లీనాక్ అనే రేడియేషన్ మెషీన్ ఆ ప్రకారం కిరణాలు వదులుతుంది. చికిత్సకు వాడే ఈ రెండూ కంపెనీలు అమ్మేవే. లీనాక్ నడపాలంటే అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) లైసెన్స్ ఉండాలి. ఇక మ్యాట్‌రాడ్ అనే ఓపెన్ సోర్స్ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిన జర్మన్ క్యాన్సర్ పరిశోధన కేంద్రమే దాన్ని రోగుల చికిత్సకు వాడొద్దని స్పష్టంగా రాసిపెట్టింది. స్కాన్ ఇమేజీలు చూసే 3డీ స్లైసర్‌దీ అదే దారి, పరిశోధనకు మాత్రమే. ఎవరైనా మ్యాట్‌రాడ్ ప్లాన్‌తో రోగికి చికిత్స చేస్తే అది ముమ్మాటికీ తప్పు. అలా చేసిన ఆసుపత్రి ఏదో మెసేజ్ రాసినవాళ్లు చెప్పలేదు.

ఓపెన్ సోర్స్ ఆసుపత్రుల్లో అసలు కనపడదని కాదు. ఉదాహరణకు, లీనాక్‌ను పరీక్షించే పైలినాక్ ఉంది. లీనాక్ ఏ కోణంలో తిరిగినా కిరణాలు ఒకే బిందువు దగ్గర కలుస్తున్నాయా లేదా అన్నది టెస్టు ఇమేజీలు చూసి లెక్కవేస్తుంది. మెషీన్ జోలికి పోదు. తప్పు పట్టుకోవడానికి వాడే పనిముట్టునే తప్పుగా చూపిస్తోంది ఈ మెసేజ్.

కోడ్‌ను ఎవరైనా మార్చేయవచ్చా? తన కంప్యూటర్లో ఉన్న కాపీని ఎవరైనా మార్చుకోవచ్చు. అసలు ప్రాజెక్టులోకి ఆ మార్పు వెళ్లాలంటే నిర్వాహకులు చూసి ఒప్పుకోవాలి. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

కాలేజీ పిల్లలు రాశారన్నది చదివి నవ్వొచ్చింది. కిరణాలు పదార్థంలో ఎలా సాగుతాయో లెక్కకట్టే రెండు ఓపెన్ సోర్స్ కోడ్‌లు చూడండి. జియంట్4 ఐరోపా కణభౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో మొదలైంది. ఈజీఎస్ఎన్ఆర్‌సీ కెనడా జాతీయ పరిశోధన మండలిది. అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2014లో తన డోస్ క్యాలిబ్రేషన్ పద్ధతిని సవరించినప్పుడు తీసుకున్న దిద్దుబాటు గుణకాలు ఈజీఎస్ఎన్ఆర్‌సీతో లెక్కించినవే. కంపెనీ లీనాక్ ఎంత డోస్ ఇస్తోందో కొలిచే చోట ఓపెన్ కోడ్ లెక్క ఉందన్నమాట.

అన్నిటికంటే ప్రమాదకరమైనది చివరి మాట, కంపెనీ సాఫ్ట్‌వేర్ తప్పు చేయదన్నది. 1985 నుంచి 1987 వరకు థెరాక్-25 అనే రేడియేషన్ మెషీన్ల వల్ల అమెరికా, కెనడాల్లో ఆరుగురికి విపరీతమైన ఓవర్‌డోస్ పడింది. కొందరు చనిపోయారు. ఆపరేటర్ ఎంట్రీని గబగబా సరిచేస్తే కోడ్‌లోని ఒక లోపం బయటపడేది. అంతకుముందు మోడల్లో హార్డ్‌వేర్ ఇంటర్‌లాకులు (ప్రమాదమైతే మెషీన్‌ను ఆపే పరికరాలు) ఉండటంతో అదే లోపం ఎవరికీ హాని చేయలేదు. కొత్త మోడల్లో వాటిని తీసేసి భద్రతను సాఫ్ట్‌వేర్‌కే వదిలేశారు. బయటివాళ్లు ఆ కోడ్ చూడగలిగే వీలు లేదు. ఇక 2000-01లో పనామాలో కంపెనీ ప్లానింగ్ సాఫ్ట్‌వేర్‌లో కిరణాలకు అడ్డుపెట్టే షీల్డింగ్ బ్లాకుల వివరాలు వేరే పద్ధతిలో ఎక్కిస్తే అది అభ్యంతరం చెప్పకుండా తీసుకుని, చికిత్స సమయాన్ని దాదాపు రెట్టింపు చేసి చూపించింది. 28 మందికి అధిక డోస్ పడింది. ఆ లెక్కను ఎవరైనా విడిగా చేత్తో సరిచూసి ఉంటే తేడా అక్కడే దొరికేది.

ఓపెన్ సోర్స్ అయితే చాలు, అంతా క్షేమమని నేననడం లేదు. ఇంటర్నెట్ భద్రతకు వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లోని హార్ట్‌బ్లీడ్ లోపం 2014లో బయటపడేదాకా రెండేళ్లు అందరి కళ్లముందే ఉంది. కోడ్ తెరిచి పెడితే సరిపోదు, ఎవరో కూర్చుని చదవాలి.

అందుకే ఆసుపత్రిలో అడగాల్సింది సాఫ్ట్‌వేర్ పేరు కాదు. ప్లాన్‌ను చూసే ఫిజిసిస్టు ఎవరో అడగండి. గడ్డ ఆకారానికి తగ్గట్టు కిరణాల తీవ్రతను మార్చే ఐఎంఆర్‌టీ లాంటి చికిత్స అయితే ‘మా నాన్నగారి ప్లాన్‌ను ముందుగా ఫాంటమ్ (రోగి శరీరానికి బదులు పెట్టే నమూనా) మీద కొలిచి చూశారా, పాసయిందా’ అని అడగండి. లెక్కించిన డోస్‌కూ కొలిచిన డోస్‌కూ 3 శాతం, 2 మిల్లీమీటర్ల హద్దుతో పోల్చి, కనీసం 95 శాతం బిందువులు సరిపోవాలని చూడటం ఇప్పుడు చాలాచోట్ల ఉన్న పద్ధతి. విసుక్కోకుండా చెప్పే ఫిజిసిస్టులు బెంగళూరులో చాలామందే ఉన్నారు, అందులో తెలుగు మాట్లాడేవాళ్లూ తక్కువేం కాదు.