గౌరవనీయులైన కల్యాణలక్ష్మి చెక్కు గారికి

అయ్యా, నమస్కారం.

పేదింటి ఆడబిడ్డ పెళ్లి ఖర్చుకని తెలంగాణ సర్కారు పంపే తమరి దర్శన భాగ్యం నిన్న మండల కేంద్రంలోని రైతు వేదికలో కలిగింది. పదకొండింటికల్లా ఉండాలని ఫోన్ చేసి మరీ చెప్పారు కాబట్టి మేం పది దాటకుండానే చేరుకున్నాం. తమరు అప్పటికే వచ్చి ఉన్నారు. రబ్బరు బ్యాండు వేసిన కట్టలో, టేబుల్ మీద, ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) గారి మోచేతి కింద. మాకూ తమరికీ మధ్య నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులు దాటించడానికి ఎమ్మెల్యే సార్ రావాలట.

సార్ పక్క ఊళ్లో సీసీ రోడ్డుకు కొబ్బరికాయ కొడుతున్నారన్నారు. అక్కడి నుంచి ఎవరిదో గృహప్రవేశం. ఆ తర్వాత ఇంకెవరిదో దశదినకర్మ. "బయల్దేరారు, బయల్దేరారు" అంటూనే ఉన్నారు, అన్నాల వేళ దాటిపోయింది. మా అక్క పత్తి ఏరే కూలి పోగొట్టుకుని కూర్చుంది. పక్కన అక్క కూతురు, ఒళ్లో పసిబిడ్డ. అవునండీ, తమరు ఏ పెళ్లి ఖర్చు కోసం బయల్దేరారో ఆ పెళ్లికూతురే. బిడ్డకు తొట్టెల కూడా అయిపోయింది. ఫంక్షన్ హాల్ వాడు, టెంట్ వాడు, కూరగాయల వాడు ఇంతకాలం ఆగరు కదా, అందుకని నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేశాం. ఇప్పుడు తమరు వచ్చి తీర్చేది పెళ్లి ఖర్చు కాదు, దాని మీద పెరిగిన అప్పు.

సరే, ఆలస్యం సంగతి వదిలేద్దాం. మీసేవలో దరఖాస్తు, తహసీల్దార్ ఆఫీసు విచారణ, ఎమ్మెల్యే సంతకం, ఆర్డీవో మంజూరు, ఆపై నిధులు. ఇన్ని గడపలు తొక్కి వచ్చేవారికి కాళ్ల నొప్పులు ఉంటాయి. అర్థం చేసుకోగలం.

నాకు మింగుడు పడనిది ఆ ఫొటో.

అక్క పేరు పిలిచారు. వెళ్లింది. సార్ తమరిని ఒక కొస పట్టుకున్నారు, అక్క ఇంకో కొస పట్టుకుంది. ఫొటోగ్రాఫర్ "అమ్మా, ఇటు చూడు" అన్నాడు. చూసింది. సెల్‌ఫోన్లతో ఇంకో నలుగురు ముందుకొచ్చారు. ఇక అయిపోయిందనుకుని అక్క మెల్లగా తన వైపు లాక్కుంది. సార్ వదల్లేదు. మళ్లీ లాగింది. ఊహూ. సార్ చూపు కెమెరా మీద, నవ్వు కెమెరా మీద, బొటనవేలు మాత్రం చెక్కు మీద పేరుండే చోట గట్టిగా. వెనక నిలబడ్డ మండల నాయకుడు తన ముఖం ఫ్రేములో పడటం లేదని మెడ సాగదీశాడు, అతని కోసం ఇంకోసారి. "ఓకే సార్" అని వినబడ్డాక ఆ వేళ్లు సడలాయి. బొటనవేలు పక్కకు జరిగాక తెలిసింది, దాని కింద ఉన్నది మా అక్క పేరే కాదని. పక్కూరి వాళ్ల చెక్కు. "ఫొటోకు ఏదైతే ఏముందమ్మా, మీది ఆ చివర రిజిస్టర్‌లో సంతకం పెట్టి తీసుకో" అన్నాడొకాయన, చేతిలోంచి లాగేసుకుంటూ.

చెక్కు గారూ, ఒక్క మాట అడుగుతాను. తమరు ఎవరి డబ్బు? సార్ పొలం అమ్మి ఇస్తున్నారా? మరి ఆ వేళ్లకు అంత పట్టు ఎందుకు?

ఖాతాలో వేస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు. 2018 మే నెలలో రైతుల పెట్టుబడి సాయం, రైతుబంధు కూడా ఇలాగే చెక్కుల రూపంలోనే వచ్చింది, సభలు, వేదికలు, ఫొటోలతో. అదే ఏడాది అసెంబ్లీ ఎన్నికలొచ్చాయి. చెక్కులు పంచడం కుదరదు, కావాలంటే ఖాతాల్లో వేసుకోండని ఎన్నికల సంఘం చెప్పింది. వేశారు. ఆకాశం ఊడిపడలేదు. అప్పటి నుంచి పేరు మారి రైతు భరోసా అయినా, డబ్బు పడితే ఫోన్ టింగ్‌మంటుంది, రైతు చేలోనే ఉంటాడు. ఆ పాస్‌బుక్, ఆ బ్యాంకు, ఆ ఆధార్ మా అక్కకూ ఉన్నాయి. నీ దరఖాస్తుతో పాటు వాటి జిరాక్సులు నేనే ఇచ్చాను. అయినా నువ్వు కాగితం రూపంలోనే రావాలి. ఎందుకంటే టింగ్‌మనే శబ్దానికి ఫొటో తీయలేరు.

ఫొటో కోసం కాకపోతే, ప్రతిపక్ష ఎమ్మెల్యే ఉన్న చోట నిన్ను ఎవరు పంచాలని అంత రచ్చ దేనికి? గెలిచినాయన నేనంటాడు, ఓడినాయన నేనంటాడు. ఆ గొడవ ఒక నియోజకవర్గంలో హైకోర్టు దాకా పోయింది. నీ ఆయుష్షు చూస్తే మూడు నెలలు. 2012 నుంచి చెక్కులన్నింటికీ అంతే. వాళ్లు కొట్టుకుంటుంటే నువ్వు ఏ బీరువాలోనో ముసలిదానివైపోతావు, నష్టం మాత్రం పెళ్లికూతురి తల్లికి.

సార్ ప్రసంగం కూడా విన్నాం. పేదింటి ఆడబిడ్డకు మేనమామలా నిలబడుతున్నారట. చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య, వెనక గోడకు ఆనుకుని, కుర్చీ కూడా దొరక్క నిలబడ్డ అసలు మేనమామను నేనే. ఆ రెండు రూపాయల వడ్డీ కాగితం మీద సంతకం నాది. మేనమామ కట్నం కింద బట్టలు పెట్టింది నేను. పొద్దున్నుంచి ఆ బిడ్డ ఏడుస్తుంటే బయట తిప్పిందీ నేనే. ఇన్ని చేసినా నా మేనకోడలి చేతిని పట్టుకుని కెమెరా వైపు తిప్పాలని నాకు తోచలేదు. బహుశా అందుకే నేను ఎమ్మెల్యే కాలేదు.

తులం బంగారం ఊసు నేనెత్తను, నీకే ఇబ్బంది. 2023 ఎన్నికల్లో నీ పక్కన అది కూడా వస్తుందన్నారు. అప్పుడు తులం 63 వేల దరిదాపు. 2025లో లక్ష దాటేసింది. అంటే తోడొస్తానన్నది నీకంటే పెద్దదైపోయింది, ఇంక వస్తుందా? నువ్వేమో 2014లో 51 వేలతో మొదలై, 2017లో 75,116, 2018లో 1,00,116 అయ్యి అక్కడే ఆగిపోయావు. ఆ ఏడాది నీతో మూడు తులాలు వచ్చేవి. ఇప్పుడు ఒక్కటి కొనాలన్నా జేబులోంచి కలపాలి.

ఇంత తిట్టినా, ఉన్న మాట చెప్పాలి. నీ వల్ల పద్దెనిమిదేళ్లు నిండేదాకా పెళ్లి ఆపిన ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. నువ్వు తల్లి పేరు మీద వస్తావు కాబట్టి నిన్న బ్యాంకు కౌంటర్ దగ్గర, మా బావ చెయ్యి చాచినా, అక్క నిన్ను అతని చేతికివ్వలేదు. ఆ చివరి నూట పదహార్లు చూసి, "సర్కారు కూడా చదివింపులు రాయించిందిరా" అని నవ్వింది. ఆ నవ్వు ఏ ఫొటోలోనూ పడలేదు.

చిన్న మేనకోడలు డిగ్రీ చదువుతోంది. దాని పెళ్లి నాటికైనా నువ్వు నేరుగా ఖాతాలోకి రా, పెళ్లి కంటే ముందే రా. సార్‌కు ఫొటో మీద అంత మనసుంటే పెళ్లికే రమ్మను. మటన్ వడ్డిస్తాం, దండ వేస్తాం, ఎన్ని కావాలంటే అన్ని దిగనిస్తాం. పదకొండింటికి ముహూర్తమైతే పదకొండింటికే రమ్మను. మా పంతులు మాత్రం ఎవరి కారు కోసమూ ఆగడు.

ఇట్లు,
అసలు మేనమామ